ఒట్టు వద్దన్న పిల్ల

సత్యవ్వ ఆ రోజు ఒట్టు వేయడానికి సిద్ధపడే వచ్చింది. పొద్దున్నే తలకు పోసుకుంది, పెట్టెలో దాచుకున్న చీర తీసి కట్టుకుంది, ఎవరి మీద ఒట్టు వేయాలో ఆటోలో వస్తూనే తేల్చుకుంది. చచ్చిపోయిన మొగుడి మీద వేస్తే బిడ్డ నమ్మదు. చంద్రయ్య బతికి ఉండగానే ఆయన మీద వేసిన ఒట్లలో ఒక్కటీ గట్టెక్కలేదని దానికి తెలుసు. పోనీ బిడ్డ మీదే వేద్దామంటే అది ఏడు నెలల కడుపుతో పక్కనే కూర్చుంది, నోరు రాలేదు. ఇక మిగిలింది ఎల్లమ్మ తల్లి. అంత పెద్ద ఒట్టును కొంగున ముడేసుకున్నంత భద్రంగా తెచ్చి, సిరిసిల్ల సర్కారు దవాఖానలో తాగుడు మాన్పించే గదిలో కూర్చుంటే, ఎదురుగా ఉన్న పిల్ల ఆ ఒట్టును విననే లేదు.

“ఒట్టొద్దమ్మా,” అంది ఆ పిల్ల.

“ఎల్లమ్మ తోడు, రేపటి సంది కల్లు సీస ముట్ట...”

“ఆగు. ముట్టనని అనకు. రేపు ముట్టు.”

సత్యవ్వ బిడ్డ వైపు చూసింది. నవత గోడ వైపు చూసింది.

ఆ పిల్ల పేరు కృపారాణి. గొల్లపల్లి దిక్కు మనిషి, ముప్పై దాటి ఉండవు. తాగుడు మాన్పించే మేడమ్ అంటే లావుగా, కళ్లద్దాలతో, తలుపు తీయగానే గద్దించే మనిషి ఉంటుందని సత్యవ్వ ఊహించుకుంది. గద్దింపులు ఆమెకు కొత్త కాదు. తల వంచుకుని తిట్లు తిని, చివర్లో ఒక ఒట్టు వేసి లేచి రావడం ఆమెకు బతుకంతా అలవాటైన పని. ఇక్కడ తిట్లూ లేవు, ఒట్టుకు చోటూ లేదు.

“రేపు ముట్టుమంటున్నవా? తాగుమని చెప్పేటందుకేనా సర్కారు నీకు జీతమిచ్చేది?”

“తాగుమంటలేనమ్మా. ఒక్క దెబ్బకు బందు చెయ్యొద్దంటున్న. నువ్వు తాగేది చెట్టు కల్లు కాదు. దుకాణంల దాంట్ల నిద్రమందు కలుపుతరు. ఏండ్ల సంది తాగినోళ్లు ఒక్కసారి ఇడిస్తే పాణం మీదికొస్తది. మెల్లగ తగ్గిద్దాం. డాక్టర్ సారు గోలీలు ఇస్తడు. ముందుగాల నువ్వు ఏ పూట తాగుతవో చెప్పు.”

“నేన్జెప్ప.”

“సరే, చెప్పకు. తాగేముందు ఇంత అన్నం తింటవా?”

“నా తిండి నీకెందుకే పోరీ?”

“అవ్వా!” అంది నవత.

“ఏం అవ్వా? ఇడుస్తనంటే ఇడువద్దంటది. దీనికన్న దుకాణపోడు నయం. వాడన్న తాగుమని మొకం మీదనే అంటడు.”

కృపారాణి నవ్వింది. ఆ నవ్వు సత్యవ్వకు పుండు మీద కారంలా తగిలింది. మాట తప్పావని తిట్టినవాళ్లను చూసింది గానీ, మాట ఇస్తానంటే అక్కర్లేదన్నవాళ్లను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నీ మాటకు విలువ లేదు, ఎందుకు దండగ అన్నట్టే కదా అది! ఆ తర్వాత ఆ పిల్ల ఏం అడిగినా సత్యవ్వ నోరు విప్పలేదు. గోలీల పొట్లం మాత్రం నవత తీసుకుని తల్లి చేతిలో పెట్టింది.

బయటికి వచ్చాక, కోరుట్ల బస్సు కోసం నిలబడినప్పుడు, నవత చెప్పాల్సింది చెప్పింది.

“నువ్వు గీ మేడం తాన పోతనే నేను పురుటికి సిరిసిల్ల అస్త. లేకుంటే కోరుట్లనే కంట.”

“మొదటి కాన్పు అత్తగారింట్ల చేస్తరా ఎవలన్న? తల్లి సచ్చిందా, బతికున్నదా అని అడుగరా నలుగురు?”

“అడిగితే అడుగనియ్యి.”

“మీ అత్త ఏమన్నదే? ఆమెనే నూరిపోసిందా?”

“మా అత్త ఏమన్లే. నేనే అంటున్న. చంటిపిల్లప్పుడు నాకు కల్లు నాకించి పండవెట్టినవు. నా బిడ్డను నీ చేతికిచ్చి నేనెట్ల పండుకోవాలె?”

బస్సు వచ్చింది. నవత ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కింది. కిటికీలో నుంచి తల్లి వైపు చూడలేదు.

నవత అన్నదాంట్లో అబద్ధం లేదు. సత్యవ్వ పుట్టింది కోనరావుపేటలో పద్మశాలీల ఇంట్లో. పెళ్లై సిరిసిల్ల వచ్చేసరికి సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, చేతి మగ్గాలను మింగేశాయి. చంద్రయ్య ఒక ఆసామి కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, ఆమె ఇంట్లో నూలు కండెలు చుట్టేది. ఆ వాడలో మాట వినబడాలంటే అరవాల్సిందే. అందుకే అక్కడ మంచినీళ్లు అడిగినా జగడానికి వచ్చినట్టే ఉంటుంది. పొద్దుగూకేసరికి ఒళ్లు పచ్చి పుండు, చెవుల్లో సాంచాలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. ఆ తిరుగుడు ఆగాలంటే కల్లు. ఆలుమగలు కలిసే తాగేవాళ్లు, దాన్ని ఎవరూ తప్పనలేదు. చంటిపిల్ల నవత గుక్కపట్టి ఏడిస్తే, కండెలు ఆగిపోతాయని, వేలు కల్లులో ముంచి నాకించేది. వాడంతా చేసేది అదే. పిల్ల హాయిగా నిద్రపోయేది. తర్వాత చంద్రయ్య దగ్గి దగ్గి పోయాడు. సాయంత్రం తాగే కల్లు మెల్లగా పొద్దుటికి జరిగింది.

అయితే ఇది సత్యవ్వ కథలో సగమే. మిగతా సగం ఎల్లమ్మ.

నవతకు కోరుట్ల సంపత్‌తో సంబంధం కుదిరిన ఏడు, వియ్యపురాలి ముందు తలవంపులు వద్దని సత్యవ్వ కొండగట్టు పోయి అంజన్న ముందు ఒట్టు వేసి కల్లు మానేసింది. మానేసిన మర్నాటికి చేతులు వణికాయి. ఆ మర్నాటికి ఇల్లంతా తెగిన పోగులు కనిపించాయి. దూలానికి పోగులు, తలుపుకు పోగులు, గాలిలో పోగులు. అవన్నీ ముడివేయాలని ఆమె రెండు చేతులతో గాలిని పట్టుకుని లాగుతుంటే, పక్కింటి నర్సక్క చూసింది. అంతలో సత్యవ్వ కింద పడి కొట్టుకుంది. “ఎల్లమ్మ అచ్చిందే!” అని నర్సక్క పెట్టిన కేకకు వాడ వాడంతా కదిలి వచ్చింది. మొహానికి పసుపు పూశారు, చేతికి వేపమండ ఇచ్చారు. “ఏం గావాలె తల్లీ?” అని అడిగి, నేల మీద ధారగా కల్లు సాక పోసి, మిగిలింది ఆమె నోట్లో పోశారు. కాసేపటికి వణుకు ఆగింది. పోగులు మాయమయ్యాయి. సత్యవ్వ నిమ్మళంగా నిద్రపోయింది.

ఇంతకంటే రుజువేం కావాలి? కల్లు మానితే తల్లికి కోపం వచ్చింది, కల్లు పోస్తే చల్లారింది. అంజన్న మీద వేసిన ఒట్టును ఎల్లమ్మే విడిపించిందని వాడలో పెద్దమనుషులు తీర్పు చెప్పారు.

అప్పటి దాకా ఆమెను తాగుబోతు ముండ అన్న నోళ్లే తల్లీ అనసాగాయి. ప్రతి మంగళవారం ఆడవాళ్లు వచ్చి ముందు కూర్చునేవాళ్లు. కోడలికి కడుపు పండుతుందా, పోయిన కమ్మ దొరుకుతుందా, దుబాయి పోయినవాడు ఫోన్ ఎందుకు చేయడం లేదు? మంగళవారం సత్యవ్వ ఒక్కపొద్దు ఉండేది. తల్లికి సాక పెట్టే దాకా తనూ కల్లు ముట్టేది కాదు. మధ్యాహ్నానికల్లా చేతులు వణికేవి, తల ఊగేది. దాన్ని చూసి ఆడవాళ్లు దండం పెట్టి సీస మూత తీసేవాళ్లు. ఆమె నటించలేదు. ఒక్క మంగళవారమూ నటించలేదు. అందుకే దాని మీద ఆమెకు అంత నమ్మకం.

కృపారాణి దగ్గరికి రెండోసారి ఒంటరిగా పోయింది. మందు కోసం కాదు, కొట్లాటకు.

“బిడ్డ బలవంతానికి అచ్చిన. నిన్ను చూసేటందుకు గాదు,” అని కూర్చుంది.

“మంచిదే. గోలీలు వేసుకుంటున్నవా?”

“ఏసుకోలే. నా మీదికి అమ్మవారు అస్తది, ఎరుకనా నీకు? నేను తగ్గిస్త అంటే ఆమె ఊకోదు. నీ మీద పడ్డదనుకో, నీ గోలీలు నువ్వే మింగాలె.”

బెదిరిస్తే ఆ పిల్ల బెదరలేదు, వెక్కిరించనూ లేదు. ముందుకు జరిగి కూర్చుంది.

“ఎట్ల అస్తది చెప్పు.”

సత్యవ్వ చెప్పింది. గొప్పగా చెప్పింది. పోగుల సంగతి, పడిపోయిన సంగతి, వాడంతా మొక్కిన సంగతి. కృపారాణి మధ్యలో చిన్న చిన్న ప్రశ్నలు వేసింది. ముందు చేతులు వణికినయా? లేనివి కండ్లకు కనబడ్డయా? లేచినంక నాలుక మీద పండ్లగాటు ఉన్నదా? బట్టలు తడిసినయా? సత్యవ్వ అన్నింటికీ అవునంది, అవన్నీ తల్లి మహిమలే అన్నట్టు. అక్కడి దాకా బాగానే ఉంది. అక్కడే కృపారాణి నోరు జారింది.

“అది అమ్మవారు కాదమ్మా. ఫిట్స్. కల్లు ఒక్కసారి బందు చేసినందుకు వచ్చిన ఫిట్స్. మంగళవారం మంగళవారం ఆ వణుకు నువ్వే తెచ్చుకుంటున్నవు.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణమే కృపారాణి మొహంలో తెలిసిపోయింది. కానీ సత్యవ్వకు ఆ మొహం చూసే ఓపిక లేదు.

“నీ నోట్ల పురుగులు పడ!” అని లేచింది. “నా తల్లిని రోగమంటవా? నాలుగు అచ్చరాలు నేర్సుకోంగనే దేవుండ్లు రోగాలైనయా? ఇన్నేండ్లల్ల నాకు ఇంత మర్యాద దొరికింది ఆమెతోనే. అది గూడ గుంజుకుంటవా? థూ!”

“అమ్మా, కూసో. నేను అట్లనుడు...”

“నీ కుర్సీల నువ్వే కూసో!”

తలుపు దభీమని వేసింది. దారి పొడవునా తిట్టుకుంటూ ఇంటికి వచ్చి, గోలీల పొట్లం తీసి మోరీలో పారేసింది. ఇప్పుడు ఆమెకు ఒకటే పట్టుదల. మొత్తానికి మానేయాలి. ఆ పోరి గోలీలు లేకుండా, ఆ పోరి మెల్లమెల్లగా లేకుండా. నవత వచ్చేసరికి ఒక్క చుక్క ముట్టని మనిషై నిలబడాలి. ఇద్దరి మొహాలూ చూడాలి.

ఒట్టు వద్దన్నది కదా, అందుకే ఒట్టు వేసుకుంది. ఎవరి ముందూ కాదు, చంద్రయ్య ఫోటో ముందు.

మర్నాడు చేతులు వణికాయి. కండె పట్టుకుంటే జారింది. ఆ పొద్దంతా దుప్పటి కప్పుకుని కూర్చుని పళ్లు బిగబట్టింది. చెమటకు చీర తడిసింది. ఆ మర్నాటి మధ్యాహ్నం, తలుపు మీద ఒక పోగు వేలాడుతూ కనిపించింది. తెల్లగా, సన్నగా, గాలికి ఊగుతూ. చేయి చాపబోయి ఆగిపోయింది.

ముందు చేతులు వణికినయా? లేనివి కండ్లకు కనబడ్డయా?

వరసగా అవే వస్తున్నాయి. ఆ పిల్ల అడిగింది అడిగినట్టే, ఒకదాని వెనుక ఒకటి. అమ్మవారు వచ్చే తొవ్వ ఆ పోరికెట్ల ఎరుక?

దూలం నుంచి పోగులు దిగుతున్నాయి. ఆమె గొంతు తన ప్రమేయం లేకుండానే పెద్దదైంది. అది విని నర్సక్క పరుగున వచ్చింది. ఆ వెనుక ఇంకో నలుగురు. ఎవరో జుట్టు విప్పారు, ఎవరో పసుపు పూశారు. మంగళవారం కాకున్నా తల్లి వచ్చిందని వాళ్లకు మహా సంబరంగా ఉంది. నర్సక్క సీస తెరిచి గుమ్మం ముందు సాక పోసి, దగ్గరికి తెచ్చింది.

“ఏం గావాలె తల్లీ? చెప్పు, ఏం గావాలె?”

కల్లు వాసన ముక్కుకు తగలగానే సత్యవ్వ ఒళ్లంతా అటే వాలింది. నాలుక బయటికి వచ్చింది. ఆ సీస తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. సీసలోంచి నర్సక్క వేళ్ల మీదికి కొంత కల్లు ఒలికింది. ఆ తడి వేళ్లు తన పెదవుల దాకా వస్తుంటే, చంటిపిల్ల నోట్లో పెట్టిన తన వేలే తన మీదికి వస్తున్నట్టు కనిపించింది. తాగితే ఇది ఆగుతుంది. ఆగితే, పురుడు కోరుట్లలో.

తనకు సాయం కావాలి. ఇంతమంది చేతులు జోడించి నిలబడ్డారు. సత్యవ్వకు బాగోలేదు, దవాఖానకు తీసుకుపోండి అంటే వీళ్లలో ఒక్కరూ కదలరు. తాగుబోతు సత్యవ్వ మాట వాళ్లు ఎన్నడు విన్నారు గనుక? వాళ్లు వినేది ఒక్కరి మాటే.

“దవాఖాన!” అని అరిచింది.

నర్సక్క సీస పట్టుకున్నట్టే ఆగిపోయింది. “ఏంది తల్లీ?”

“దవాఖాన గావాలె నాకు! ఆటో తెప్పియ్యి!”

“తల్లీ, ముందుగాల సాక తాగు...”

“నీ సాక నువ్వు తాగు నర్సీ! నన్ను సర్కారు దవాఖానకు తోల్కపోతవా, నీ ఇంటి మీద పడాల్నా?”

“అమ్మవారు దవాఖాన అడుగుతదా?” అని వెనుక ఎవరో సణిగారు.

“అడిగింది గదనే! ఇనబడ్తలేదా చెవులు?” అని నర్సక్క వాళ్ల మీదికి లేచింది. “పెద్దగుడి అడిగితే కట్టియ్యకపోదుమా? ఆటో దొరుకదా? నడువుండ్రి!”

అట్లా ఎల్లమ్మ తల్లి పసుపు మొహంతో, విరబోసిన జుట్టుతో, చేతిలో వేపమండతో, ఆటోలో ఊరేగింపుగా దవాఖానకు పోయింది. గేటు దాటగానే ఫిట్స్ వచ్చాయి. నర్సులు మంచం మీదికి ఎక్కించి సూది వేశారు. దవాఖాన వాళ్లు పసుపు తుడుస్తుంటే, బయట నర్సక్క వాళ్లు కొబ్బరికాయ కొట్టనీయలేదని కాపలావాడితో లొల్లి పెట్టుకున్నారు.

సోయి వచ్చేసరికి మంచం పక్కన కృపారాణి ఉంది. సత్యవ్వ మొహం తిప్పుకుంది.

“నీ మాట నిజమైందని మురువకు.”

“మురుస్తలేను. ఆ రోజు గట్లనుడు నాదే తప్పు. ఆ కోపం మీదనే ఇడిసినవు గదా?”

“నువ్వెవ్వతివి నాకు కోపం తెప్పియ్యనీకి?”

“గోలీలేం జేసినవు?”

“మోరీల ఏసిన.”

“ఎందుకమ్మా?”

“నువ్విచ్చినవని.”

కృపారాణి మంచినీళ్ల గ్లాసు అందించింది. సత్యవ్వ అది పుచ్చుకోలేదు. ఆమె అవతలికి పోయాక తాగింది.

మర్నాడు నర్సక్క వచ్చింది. టిఫిన్ డబ్బాలో జావ తెచ్చింది గానీ మూత తీయలేదు. వార్డులో అందరూ వినేటట్టు అడిగింది.

“ఒక్క మాట చెప్పు సత్తెవ్వా. మొన్న మాట్లాడింది అమ్మవారా, నువ్వా?”

సత్యవ్వ పైకప్పు వైపు చూసింది. అమ్మవారే అంటే అయిపోతుంది. మంగళవారాలు ఉంటాయి, దండాలు ఉంటాయి, సీసలూ ఉంటాయి. ఆ సీసలు ఉన్న ఇంటికి నవత రాదు.

“నేనే,” అంది.

“మరి కిందటి మంగళారం?”

“అప్పుడు నాకు తెల్వది. ఇప్పుడు తెల్సింది. కల్లు లేక ఒణికిన.”

నర్సక్క మొహం ఎర్రబడింది. “అయితే ఇన్ని దినాలు మేం మొక్కింది నీకా? నా కోడలికి కొడుకు పుడుతడని చెప్పింది నీ కల్లు ఒణుకుడా? మా చేతుల సీసలు తాగుకుంట మమ్మల్ని ఎడ్డోళ్లను చేసినవా?”

“నేను గూడ నమ్మిన నర్సక్కా.”

“థూ, నీ బతుకు చెడ! దేవుని పేరు మీద తాగినవు గదనే! ఇగ మా గడప తొక్కకు!”

జావ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. దవాఖాన వాళ్లు మళ్లీ ఇచ్చిన గోలీలతో సత్యవ్వ ఇంటికి చేరిన రోజు వాడలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సాంచాలు మాత్రం మామూలుగా ఆడుతున్నాయి. నల్లా దగ్గర బిందె పెడితే పక్కకు జరిపారు. “ఎల్లమ్మ తల్లీ, నీళ్లు గూడ సాకనేనా?” అని ఒకతి అంటే మిగతావాళ్లు నవ్వారు. తాగుబోతు అన్న పాత మాటకు ఇప్పుడు దొంగ అనే మాట కలిసింది. అంతకుముందు లేని శత్రువులు ఇప్పుడు ఇంటింటికీ ఉన్నారు. ఇదంతా ఎవరి వల్ల? ఆ పోరి వల్ల. ఆ కోపం చూపించడానికైనా ఆమె దవాఖానకు పోవాల్సి వచ్చేది. వాడలో ఆమెతో మాట్లాడే మనిషి లేదు. తిట్టినా వినేది అక్కడొక్కతే.

“తాగిన,” అంది ఒకనాడు కుర్చీలో కూర్చుంటూనే. “నిన్న తాగిన. నల్లా కాడ గంత మాట అంటే తాగిన. ఏం జేస్తవ్?”

“ఏం జెయ్య. తిన్నంకనా, తినకముందా?”

“తిన్నంకనే.”

“మొత్తం తాగినవా?”

“సగం పారబోసిన. నీ మొకం యాదికొచ్చి.”

“మంచిదే. తాగిన పూట గోలీ ఏసుకోకు, రెండు కలిస్తే ఊపిరి ఆగుతది. ఇంకో మాట. తాగినవని నాకు చెప్పు. దాయకు.”

“చెప్తే తిట్టవు, దాస్తే తిట్టవు. నువ్వేం మనిషివే?”

అట్లని ఆమెకు కృపారాణి మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరైనా అంటే సత్యవ్వ వాళ్ల నోరు పగలగొడుతుంది. పొద్దుటి కల్లు పోయింది. సాయంత్రం కల్లు ఒక రోజు ఉంటే రెండు రోజులు ఉండదు. చేతిలో కండె నిలుస్తోంది. ఇవన్నీ ఆమెకూ తెలుసు. తెలిసినా ఆ గదిలోకి జగడానికి పోయినట్టే పోయేది, జగడం ఆడినట్టే వచ్చేది.

నెలలు నిండబోతుండగా నవత వచ్చింది. సంచితో సహా దిగింది గానీ ఇంటికి పోలేదు, నేరుగా దవాఖాన గదికే వచ్చి తల్లిని అక్కడికి రమ్మంది. ముగ్గురూ కూర్చున్నారు.

“ఇడిసినవా?” అంది నవత.

ఇడిసిన అనే మాట సత్యవ్వ నాలుక చివరే ఉంది. బతుకంతా ఇట్లాంటి చోట ఆ మాటే అంటూ వచ్చింది. కృపారాణి ఆమె వైపు చూడనే లేదు, కిటికీ అవతలికి చూస్తోంది.

“ఇడువలే. తగ్గింది. మొన్న తాగిన.”

నవత కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావు. “దీనికోసమా నేను కోరుట్లల మా అత్తతోని కొట్లాడి అచ్చింది?” అని సంచి అందుకుంది.

“పో,” అంది సత్యవ్వ. “నిజం చెప్తే పోతవ్, అబద్ధం చెప్తే పోతవ్. పో.”

నవత లేచింది. తలుపు దాకా పోయింది. కృపారాణి అప్పుడు మాట్లాడింది.

“నవతా, మొత్తం ఇడిస్తెనే బిడ్డనిస్త, లేకుంటే అసలే ఇయ్య అంటే, నీ ఇష్టం. నేను కాదన. కాని అడుగుత. ఏ పూట ఇయ్యగలవు?”

నవత తలుపు పట్టుకునే నిలబడింది.

“పొద్దటి పూట,” అంది చివరికి, తల్లితో కాదు, తలుపుతో అన్నట్టు. “పొద్దుగూకినంక పిల్ల నా పక్కన్నే. నువ్వు అవతలి అర్రల పండుకోవాలె. పిల్ల ఏడిస్తే నేను చూసుకుంట, నువ్వు రావద్దు. నీ వేలు పిల్ల నోట్ల కనబడ్డదనుకో, పచ్చి బాలింతనని గూడ చూడ, బస్సెక్కుత.”

“పూటకింత అని ఇచ్చేటందుకు అది బిడ్డనా, కార్ఖానల షిఫ్టా?”

“షిఫ్టే అనుకో.”

“కన్నతల్లికి షిఫ్టు పెడుతున్నవా?”

“ఇష్టముంటే చెయ్యి. లేకుంటే నాకు బస్సున్నది.”

సత్యవ్వ కృపారాణి మీదికి తిరిగింది. “ఇదంతా నువ్వు నేర్పిందే.”

కృపారాణి కాదనలేదు.

సత్యవ్వ కుర్చీని గోడ వైపు జరుపుకుని కూర్చుంది. నవత తలుపు దగ్గరే ఉంది, సంచి చేతిలోనే ఉంది. వరండాలో ఎవరి చంటిపిల్లో ఏడ్చి, ఊరుకుంది.

“పొద్దటి పూటంటే ఎప్పటి సంది?” అంది సత్యవ్వ గోడతో.

“తెల్లారినప్పటి సంది.”

“తెల్లారుడంటే? కోడి కూసినప్పటి సందా, ఎండ అచ్చినప్పటి సందా? సక్కగ చెప్పు.”

నవత సంచి కింద పెట్టింది. “పిల్లకు నీళ్లు పోసేది నువ్వే గదా. నీళ్లకు పొయ్యి ఎప్పుడు అంటిస్తవో, అప్పటి సంది.”

“అట్లయితే చీకట్లనే అంటిస్త,” అంది సత్యవ్వ, అదే కొట్లాట గొంతుతో, మొహం మాత్రం ఇటు తిప్పకుండా.